కాదనరాని చోట ఔనను మాట

అడుగువారికి బలమును, అడుగబడినవారికి అవసరమును ఉన్నచోట ఔనను మాటకు విలువ యెంత? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అయినను దీనిని నా యెదుట నిలిపినది ధర్మశాస్త్రగ్రంథము గాదు. మా యమ్మాయి రాత్రివేళ సెల్‌ఫోనులో చదువుచుండిన ఒక ఆంగ్లనవల.

మేము మేడ్చలునందు నివసించువారము. నేను పాఠశాలలో తెలుగు చెప్పుకొని జీవించువాడను. అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్నది. ఒకనాటి రాత్రి పదకొండు గంటలు దాటినను ఆమె గదిలో దీపము ఆరలేదు. నేను లోనికి పోయి, ఆమె చేతిలోని ఫోను తీసికొని, నాలుగు పుటలు చదివి, కోపించి మందలించితిని. ఆమె నెమ్మదిగా నావంక చూచి, "నాన్నా, పుస్తకం నచ్చకపోతే నేను మూసేస్త. నా చేతిలకెల్లి ఫోను గుంజుకునేటప్పుడు నువ్వు నన్ను ఒక్కమాట అడిగినవా?" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. మరునాడు ఆమె అనుమతి పుచ్చుకొని ఆ నవలను మొదటినుండి తుదివరకు చదివితిని. ఈ వ్యాసము ఆ పఠనము యొక్క ఫలము.

ఆ నవల పేరు 'ఐస్ ప్లానెట్ బార్బేరియన్స్'. రూబీ డిక్సన్ అను కలముపేరు గల అమెరికా రచయిత్రి 2015లో దీనిని వెలువరించెను. ఇట్టివానిని సైన్సు ఫిక్షన్ రొమాన్సు నవలలందురు. అనగా శాస్త్రకల్పనతో అల్లిన ప్రణయకథలు. ఇందు కొందరు యువతులను అన్యగ్రహవాసులు భూమినుండి అపహరించి కొనిపోవుదురు. దారిలో వారు ఒక హిమగ్రహముపై విడువబడుదురు. అచటి జనులు కొమ్ములు గలవారు, నీలవర్ణులు, వేటచే బ్రతుకువారు. ఆ గ్రహపు గాలి మనుష్యులకు విషము. 'ఖుయి' అను ఒక ప్రాణిని దేహమున ధరించినవారే అక్కడ జీవింపగలరు. ఎవరికెవరు జతయో నిర్ణయించి, ఇరువురి యెదలలోను మ్రోత పుట్టించునది కూడ ఆ ప్రాణియే.

న్యాయముగా చెప్పవలెనన్న, యువతులను అపహరించినవాడు కథానాయకుడు కాడు. అతడు వారికి అన్నము పెట్టినవాడు, చలినుండి కాపాడినవాడు, దయాళువు. చదువరులు అతనిని ప్రేమించుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ యువతి స్థితిని విచారింపుడు. అన్నము అతని చేతిలోనున్నది. నిప్పు అతని గుహలోనున్నది. గుహ వెలుపల మృత్యువున్నది. బ్రతుకవలెనన్న ఖుయిని ధరింపవలెను. ధరించినచో ఆ ప్రాణి చూపినవానిని వలవవలెను. అట్టిచోట ఆమె ఔననిన మాట ఆమెదా, చలిదా? పైగా కోరికయే వెలుపలనుండి లోనికి ప్రవేశపెట్టబడినప్పుడు, ఆమె పక్షమున మాటాడుటకు ఆమె హృదయము సయితము మిగులలేదు.

సంస్కృతమున సమ్మతి యనగా మతితో కూడిన ఒప్పుదల, మనస్సు కలిసిరావలెను. అంగీకారమనగా తనది కానిదానిని తన అంగముగా చేసికొనుట. చేసికొనువారు తామై యుండవలెను. ఈ రెండు మాటలలో దేనియందును తలవంచుట యనునది లేదు. మన లోకమునందో, మౌనం అర్ధాంగీకారమను సామెత యొకటి ప్రబలియున్నది. పాఠకులారా, ఆ సగము సరే, మిగిలిన సగము ఎవరిచ్చిరి? సభలో కూర్చున్న పెద్దలు తమ చేతినుండి వేసికొన్నదే గదా!

స్త్రీపురుషులందు బలాబలములు సరిసమానముగా నుండుట లోకమున అరుదు. ఒకరికి ధనముండును, మరియొకరికి విద్య. ఒకరికి వయస్సు, మరియొకరికి అందము. అసమానతయే పాపమనినచో ప్రణయమునకు చోటే లేదు. నేను చెప్పునది వేరు. బలము ఎవరియొద్ద నున్నదో వారిపై ఒక ముందుబాధ్యత కలదు. అడుగుటకు ముందు వారు ఎదుటివారికి మూడింటిని సమకూర్చవలెను: ఉన్న సత్యమును ఎఱుగుట, కాదన్నను చెడకుండుట, పిమ్మట మనస్సు మారినచో మరలిపోవుటకు వాకిలి. ఇవి లేనిచోట వచ్చిన ఔను ఎంత తీయగా పలికినను లొంగుబాటే. అడుగబడినవారిని, నీవేల ఎదిరింపవైతివని ప్రశ్నించుట న్యాయము కాదు. అడిగినవారిని, నీవేల తలుపు తీయవైతివని ప్రశ్నింపవలెను.

ఈ సంగతిని నాకు తేటపరచినది మా పాఠశాలలోని ఒక బాలిక. పై తరగతి పిల్లలకు అల్లసాని పెద్దన మనుచరిత్రమునందలి ప్రవరాఖ్యుని కథ చెప్పుచుంటిని. శ్రీకృష్ణదేవరాయల కాలమున, అనగా పదునాఱవ శతాబ్దిలో రచింపబడిన యీ కావ్యము నేటి ఆంగ్లనవలలకు ఎంత దగ్గరచుట్టమో నేనప్పటివరకు గమనింపలేదు. అరుణాస్పదపురమున నుండు గృహస్థుడు ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపముచే క్షణములో హిమాలయమునకు పోయెను. మంచులో ఆ లేపము కరగిపోయెను. ఇక తిరిగిపోవు సాధనము లేదు. అప్పుడు వరూధిని యను అప్సరస కనబడెను. అతడు ఆమెను ఇంటికి పోవు దారి యడిగెను. ఆమె అతనిని వలచెను. వాహనము చెడి పరలోకమున చిక్కుకొన్న మానవుడు, దారి యెఱిగిన దివ్యప్రాణి. వారి నడుమ ప్రణయప్రార్థన! హిమగ్రహపు కథకు ఇంతకంటె వేఱు సరకులు అక్కరలేదు.

ఈ కథను ఇంద్రియనిగ్రహమునకు ఉదాహరణముగా చెప్పుట మా అయ్యవార్ల అలవాటు. నేనును అట్లే చెప్పి ముగించితిని. అప్పుడు వెనుకబల్లనుండి ఒక బాలిక లేచి, "సార్, ఆమె ముందుగాల దారి చెప్పి, అటెంక అడిగితే ఏమయ్యేది?" అనెను. తరగతియంతయు నవ్వెను. నేను నవ్వలేదు. ఇరువది యేండ్లుగా ఈ కథను చెప్పుచున్నను ఆ ప్రశ్న నాకు తోచలేదు. వరూధిని దోషము వలచుటలో లేదు. వలపును వెల్లడించుటలోను లేదు. దారి యడిగినవానికి దారి చెప్పకుండ తన కోరికను ముందుంచుటలో నున్నది. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి యిల్లు చేరెను గనుక మనము సంతోషించితిమి. అగ్ని పలుకని సామాన్యుని గతి యేమి? అట్టివాడు లొంగినచో, వానికి నిగ్రహము చాలలేదని పాఠము చెప్పుదుమా?

కథ అక్కడ ఆగలేదు. వరూధినిచే పూర్వము తిరస్కరింపబడిన గంధర్వుడొకడు ప్రవరుని రూపము ధరించి వచ్చెను. కూటమివేళ కన్నులు మూసికొనవలెనని నియమము పెట్టెను. ఆమె విరహార్త, నమ్మెను, ఒప్పుకొనెను. అప్పుడు బలవంతురాలైన వరూధినియే ఇప్పుడు బలహీనురాలు. ఏలయన సత్యము అతనియొద్ద మాత్రమే యున్నది. ఆమె ఔననినది ప్రవరునకు. ఆ ఔనును అనుభవించినవాడు మరియొకడు. వారికి స్వరోచి జన్మించెను. ఆతని కొడుకు స్వారోచిషమనువు. ఫలము గొప్పది గనుక మార్గమును మనము పరీక్షింపలేదు. తాను మోసపోయితినని ఆమెకు తెలియదు గదా, ఇక బాధ యెక్కడిది అనువారును కలరు. తెలియకపోవుటయే ఇక్కడ బాధ. ఒకరి హృదయమును వారికే తెలియకుండ వాడుకొనుట, వారిని మనుష్యులుగా లెక్కింపకపోవుట.

మా మేడ్చలుకు తూర్పున శామీరుపేటలో 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము కలదు. అందు చదువు పిల్లలకు ఈ మాట వింతగా తోపదు. భయమువలన గాని, వాస్తవమును గూర్చిన భ్రమవలన గాని యిచ్చిన సమ్మతి, పుచ్చుకొనువానికి ఆ సంగతి తెలిసియున్నచో, సమ్మతి కాదని 1860 నాటి శిక్షాస్మృతియే చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు అదే చెప్పుచున్నది. స్త్రీ దేహబలముతో ఎదిరింపకపోయినంతమాత్రమున సమ్మతించినట్లు కాదని 2013 నాటి సవరణ స్పష్టపరచెను. న్యాయస్థానము ఇంతదూరము వచ్చినది. మన కావ్యాస్వాదనము, మన నవలాపఠనము అంతదూరము రావలదా?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ యున్నది. ఆరంభమెట్టిదైనను తుదకు ఆమె అతనిని మనసార ప్రేమించినది గదా, ఆ ప్రేమ పూర్వదోషమును కడిగివేయదా అందురు. ఈ వాదమును 2016లో వచ్చిన 'పాసెంజర్స్' అను చలనచిత్రము చక్కగా పరీక్షకు పెట్టినది. 120 ఏండ్లు సాగవలసిన అంతరిక్షయానమున 5,000 మంది నిద్రావస్థలో నుందురు. యంత్రదోషముచే ఒక్కడు 90 ఏండ్లు ముందుగా మేల్కొనును. ఒక సంవత్సరమంతయు ఏకాంతమున గడిపి, తాళలేక, నిద్రించుచున్న ఒక యువతిని తానే మేల్కొలుపును. ఆమెయు యంత్రదోషముననే లేచినట్లు నమ్మించును. ఆమె వలచును. పిమ్మట నిజము తెలిసి మండిపడును. చివర ఒకరిని తిరిగి నిద్రపుచ్చగల సాధనము దొరకగా, అతడు దానిని ఆమెకే యిత్తుననును. ఆమె వలదని అతనితోనే యుండిపోవును.

ఆ చివరి ఔను ఒక్కటే ఆ కథలో సమ్మతి యనదగినది; ఏలయన అప్పుడు తలుపు తెరచియున్నది, సత్యము తెలిసియున్నది. కాని అది వెనుకకు నడచి మొదటిదినమును పవిత్రము చేయజాలదు. క్షమ వేఱు, సమ్మతి వేఱు. క్షమించుట బాధితురాలి ఔదార్యము. అది అపరాధి చేతిలో ముందుగా వ్రాసికొన్న పత్రము కాదు. తరువాత ప్రేమించునులే యని నమ్మి నేడు బలవంతము చేయువాడు, రేపటి ఆమె హృదయమును గూడ నేడే దొంగిలించుచున్నాడు. ఇట్టిదే సూక్ష్మరూపమున ఆడ్రీ నిఫెనెగర్ 2003లో వ్రాసిన 'ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్' నవలయందును కనబడును. కాలయానము చేయు పురుషుడు తన కాబోవు భార్యను ఆరేండ్ల బాలికగా నున్నప్పుడే కలిసికొనును. అతనికి భవిష్యత్తు తెలియును, ఆమెకు తెలియదు. ఆమె అతని రాకకై యెదురుచూచుచు పెరిగినది. ఇతరుని యెన్నుకొను తెరువు ఆమె మనస్సున ఎన్నడైనను తెరువబడెనా?

మరియొక ఆక్షేపణ మా యమ్మాయిదే. ఇది కల్పన, చదువరికి ఆ సంగతి తెలియును, పుస్తకము మూయు శక్తి చదువరి చేతిలోనున్నది. కథలోని యువతికి లేని స్వేచ్ఛ చదువు యువతికి కలదు గదా, ఆ స్వేచ్ఛయే ఆ వినోదమునకు మూలమని ఆమె వాదము. ఇది సత్యమని నేనొప్పుకొనుచున్నాను. భయమును క్షేమముగా కూర్చుండి చవిచూచుట కావ్యధర్మమే. లేనిచో రౌద్రభయానకములను రసములని మన పూర్వులు అనియుండరు. కావున ఇట్టి పుస్తకములను నిషేధింపుడని నేను చెప్పను. పెద్దరికముతో చేతినుండి లాగికొనుట, నేను ఖండించు తప్పునే నేను చేయుట.

అయినను కల్పనకు మరియొక శక్తి కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్విఫ్టు రచించిన గల్లివరు యాత్రల ఒరవడిని సత్యరాజా పూర్వదేశయాత్రలను వ్రాసిరి. అందు స్త్రీలు పురుషులపై అధికారము చేయు దేశమొకటి వర్ణింపబడెను. చదువు పురుషుడు మొదట నవ్వును. పిదప ఆ నవ్వు గొంతులో నిలుచును. బలము చేతులు మారినప్పుడు గాని దాని రూపము మనకు కనబడదు. కల్పన బలమును ముసుగుతీసి చూపగలదు, పూలతో కప్పివేయనుగలదు. మనము పిల్లలకు నేర్పవలసినది ఈ తేడాను కనిపెట్టుట మాత్రమే. ఏ ప్రణయకథ చదివినను, తలుపు ఎవరి చేతిలోనున్నదని ఒక్కసారి అడిగిన చాలును.

శామీరుపేట దాటి కరీంనగరు దారిన సాగినచో తుర్కపల్లి ప్రాంతమున జీనోమ్ వ్యాలీ యున్నది. దేశదేశములకు పోవు టీకాలు అక్కడ తయారగుచున్నవి. ఏ టీకాయైనను మనుష్యులపై పరీక్షింపబడిన పిమ్మటగాని విక్రయమునకు రాదు. ఆ పరీక్షలను గూర్చి 2019లో మన దేశమున నియమములు చేయబడినవి. పాల్గొనువారికి లాభనష్టములు వారికి తెలియు భాషలో చెప్పవలెను; పాల్గొనుట స్వేచ్ఛాధీనము; ఎప్పుడైనను మానుకొనవచ్చును; మానుకొన్నందున వారికి రావలసిన చికిత్స పోరాదు. వైద్యుడు బలవంతుడు, రోగి అక్కరగలవాడు. కనుకనే బాధ్యత వైద్యునిపై నుంచిరి. ఒక సూదిపోటునకు ఇంత జాగ్రత్త విధించుకొన్న మనము, ఒక జీవితమంతయు నిర్ణయించు ఔనునకు ఎంత జాగ్రత్త తీసికొనుచున్నాము?

ఈ ప్రశ్న నన్ను నా యింటికే తీసికొనివచ్చినది. నా వివాహమునకు ముందు పెద్దలు నన్ను వేరుగా పిలిచి ఇష్టమేనా యని యడిగిరి. వధువును గూడ అడిగిరి, ఆమె తల యూపినది, అందరు సంతోషించిరి. సంస్కారవంతుల కుటుంబమని నేను గర్వించితిని. ఆ నవల చదివిన పిమ్మట ఒకనాడు మా యింటివారితో ఆ సంగతి కదిపితిని. ఆమె బియ్యమేరుచు తలయెత్తకుండ, "అడిగిన్రు. గదినిండ మనుషులు. మా నాయిన అప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఫంక్షన్‌హాలు మాట్లాడిండు. తల ఊపుడు తప్ప ఇంకేం చేద్దును?" అనెను. కొంతసేపటికి, "మీరు మంచోళ్లు కాబట్టి సరిపోయింది" అని చేర్చెను. ఆ చివరిమాట ఓదార్పు కొఱకు అన్నది. కాని నన్ను ఎక్కువ నొప్పించినది అదియే. ఆమె క్షేమము నా మంచితనముపై ఆధారపడెను గాని ఆమె మాటపై గాదు. హిమగ్రహపు నాయకుడును మంచివాడే గదా!

మన సంస్కర్తలు చేసిన పని చిన్నది కాదు. 1891 నాటి సమ్మతివయస్సు చట్టము పదియేండ్ల హద్దును పండ్రెండునకు మాత్రమే జరుపగా, దానికే దేశమున గొప్ప అలజడి చెలరేగెను. మరుసటి సంవత్సరము గురజాడవారి కన్యాశుల్కము రంగస్థలమెక్కెను. 1929లో శారదా చట్టము వచ్చెను. వారు వయస్సును చూచిరి. ఆ కాలమునకు అదియే మొదటి తలుపు. ఇరువదియొకటవ యేట చదువుకొన్న కన్య నోట వచ్చు ఔనును మనము సందేహింపము. కాని వయస్సు వచ్చినంతమాత్రమున బలము రాదు.

ఇప్పుడు మా యమ్మాయికి ఒక సంబంధము వచ్చియున్నది. వరుడు డల్లాసునందు ఉద్యోగి. హెచ్-1బి వీసాపై నున్నాడు. వినయవంతుడు, బంధువర్గము మంచిది. అతని భార్యగా పోవు స్త్రీకి హెచ్-4 వీసా దొరకును. అక్కడ ఆమె ఉండుట అతని ఉద్యోగమును ఆశ్రయించియుండును. పనిచేయు అనుమతి 2015 నాటి నియమము ప్రకారము కొందరు భార్యలకే లభించును. భర్త శాశ్వతనివాసపు అర్జీ తగిన దశకు రానివారికి లభింపదు. ఇల్లు అతనిది, కారు అతనిది, బ్యాంకు ఖాతా అతనిది, ఊరు అతనికి తెలిసినది. వెలుపల మంచుకొండలు లేకపోవచ్చును. కాని తోడులేని క్రొత్తకోడలికి అది హిమగ్రహమునకు ఎంతదూరము? మనము అమ్మాయిలను ఏడాదికేడాది అక్కడకు పంపుచు, నలుగురియెదుట ఇరువది నిమిషములు మాటాడనిచ్చి, ఒప్పుకొన్నదని పొంగిపోవుచున్నాము.

నేను ఆ సంబంధము వలదనలేదు. వలదనుటయు నా అధికారమును చెల్లించుటయే. నేనును మా యింటివారును కూర్చుండి కొన్ని తలుపులను తెరచి యుంచ నిశ్చయించితిమి. ఏ హాలునకును అడ్వాన్సు ఇయ్యము. డిగ్రీ పరీక్షలు ముగియువరకు నిశ్చయతాంబూలములు లేవు. వీసా సంగతులన్నియు ఆమెయే స్వయముగా చదివి, వరుని తానే అడిగి తెలిసికొనును. నగలకై కూడబెట్టిన సొమ్ములో తిరుగుటిక్కెట్టునకు సరిపోవునది ఆమె పేరనే యుండును. పాస్‌పోర్టు ఆమె చేతిలోనే యుండును. వివాహమైన పిమ్మట కష్టమై తిరిగివచ్చినను, లోకమునకు ఏమి చెప్పుదుమను ప్రశ్న మా గడపలో వినబడదు. ఈ మాటలను ఆమెతో ముందుగా చెప్పి, పిమ్మట ఆమె అభిప్రాయమడిగితిమి.

ఆమె వెంటనే బదులీయలేదు. "ఆలోచించుకుంట నాన్నా" అనెను. అది విని మూడు వారములైనది. వరునివారు రెండుమార్లు ఫోను చేసిరి. మా అక్కగారు, ఆడపిల్లకు అంత చనువేమిటని కోపించుచున్నది. నాకును లోపల తొందరగానే యున్నది. మంచి సంబంధము తప్పిపోవునేమో యను భయమును ఉన్నది. ఎన్నియోసార్లు ఆమె గదివరకు పోయి అడుగబోయి వెనుదిరిగితిని. ఔను గాని కాదు గాని, ఆమె నోట వచ్చువరకు ఆమె మౌనమును నేను సగమునకు గూడ లెక్కవేసికొనను.